ఒక్క గాటు

జమ్మలమడుగు,
8 జూలై, సోమవారం.

కెరోలిన్‌కు,

పొద్దున్నుంచి గాలి. మబ్బు పట్టింది కానీ చినుకు లేదు. రోడ్డు మీది దుమ్మంతా షాపులోకి వచ్చింది. పై రెండు అరలు దించి తుడిచాను. గడువు తీరిన సిరప్పు సీసాలు పదకొండు తేలాయి. పక్కన పెట్టాను.

నిన్న నువ్వు ఫోన్‌లో చెప్పినదానికి ఇది జవాబు. ఫోన్‌లో నాకు మాటలు రావు. నువ్వు ఎనిమిదో తరగతిలో హాస్టల్లో చేరినప్పటి నుంచి నేను ఉత్తరమే రాస్తున్నాను. ఇప్పుడు మార్చుకోలేను.

ఫార్మసీ మూడేళ్లు చదివి, నాలుగో ఏడు చదవను అంటున్నావు. ఫీజు కట్టవద్దు, ప్రొద్దుటూరులో బట్టల షాపులో కంప్యూటరు బిల్లులు వేస్తాను అంటున్నావు. చదువు దండగ అన్నావు. ఆ మాట నాతో అన్నావు. నేను పదో తరగతి తప్పినవాణ్ని. డాక్టరు దగ్గర సీసాలు కడిగే పనికి చేరి, సీసాల మీద పేర్లు చూసి ఇంగ్లీషు నేర్చుకున్నాను. ఈ మందుల షాపు పెట్టి ఇరవై ఏడేళ్లు. మన లెక్చరర్లకంటే మా మామకు ఎక్కువ మందులు తెలుసని నువ్వే మీ స్నేహితులతో చెప్పావు. అయినా ఈ గోడ మీద నా సర్టిఫికెట్ లేదు, ఫార్మసీ పాసైన కౌశిక్‌ది ఉంది. అద్దెకు తెచ్చి తగిలించుకున్నాను. అది దించితే షాపుకు తాళం పడుతుంది. చదవనివాడి బతుకు ఎట్లుంటుందో నీకు నేను వేరే చెప్పాలా?

ఆగస్టు పదహారు ఆఖరి తేదీ అన్నావు. ఆ లోపల కడతాను. నువ్వు వెళ్లి క్లాసులో కూర్చో.

మీ అమ్మకు చెప్పలేదు. చెబితే ఉపవాస ప్రార్థన మొదలుపెడుతుంది.

బెంజమిన్


పులివెందుల,
13 జూలై, శనివారం.

మామకు,

వందనాలు. కోపంగా రాస్తున్నాను. ముందే చెబుతున్నాను.

క్లాసులో కూర్చో అన్నావు. ఏ క్లాసులో? మందులు ఒంట్లో ఏం చేస్తాయో చెప్పే సారు ఫిబ్రవరిలో మానేశాడు. ఆరు నెలలు జీతం రాలేదట. అప్పటి నుంచి ఆ గంటకు ఆఫీసు గుమాస్తా వచ్చి హాజరు వేసి పోతున్నాడు. ల్యాబుకు తాళం. మార్చిలో తనిఖీవాళ్లు వస్తారని ముందు రోజు వ్యానులో గాజు సామాను దించారు. తనిఖీ అయిన సాయంత్రమే మళ్లీ ఎక్కించారు. దించిందీ ఎక్కించిందీ మేమే. మా క్లాసు జువేరియా చేతిలో ఒక గొట్టం పగిలింది. ఫైను వేశారు.

"వాడనిదానికి గూడా ఫైనా సార్?" అని అది అడిగింది.

"పగలగొట్టినావు గదమ్మా, అది వాడినట్టే" అన్నాడు గుమాస్తా.

నువ్వు నవ్వుతావని రాయలేదు. అట్లా జరిగిందని రాస్తున్నాను.

పోయిన నెల క్యాంటీన్ దగ్గరికి ఒకాయన వచ్చాడు. తెల్ల చొక్కా, చేతిలో రెండు ఫోన్లు. "మీరు యాడికీ పోబన్లేదు పాపా. పాసైనాక సర్టిఫికెట్ పంపిస్తే సాలు. నెలనెలా దుడ్లు ఖాతాలో పడతాంటాయి. పెండ్లి చేసుకొని దుబాయి పోయినా పడతాంటాయి" అన్నాడు. మా క్లాసులో యాభై మందిమి. ముప్పై మంది నంబరు ఇచ్చారు. వాళ్లను తిట్టబుద్ధి కాలేదు. ఆ సర్టిఫికెట్‌తో చేయడానికి వాళ్లకు ఇంకేమీ రాదు. నాకూ రాదు.

నిన్న అమ్మ ప్రొద్దుటూరు నుంచి ఫోన్ చేసింది. ఎంత సంబరంగా చెప్పిందో. వచ్చే జూన్ నుంచి అద్దె సర్టిఫికెట్ అక్కర్లేదని మామ కౌశిక్‌కు చెప్పేశాడంట, ఆ మేకుకు మన కెరోలిన్‌ది తగిలిస్తాడంట అని.

మామా, నన్ను ఒక్క మాట అడిగావా? నా ఫోటో, సంతకం ఉగాదప్పుడు తీసుకున్నది అందుకేనా? ఆ తెల్లచొక్కా ఆయన పాసైనాక డబ్బు ఇస్తానన్నాడు, నువ్వు ఫీజుగా ముందుగానే ఇస్తున్నావు. అంతకుమించి మీ ఇద్దరికీ తేడా ఏముందో రాయి. మూడేళ్లుగా నన్ను చదివిస్తున్నావనుకున్నాను. నీ గోడను చదివిస్తున్నావు.

కెరోలిన్


జమ్మలమడుగు,
19 జూలై, శుక్రవారం.

కెరోలిన్‌కు,

తెల్లవారుజామున నాలుగు చినుకులు. మళ్లీ ఎండ. ఇన్వర్టరు బ్యాటరీలో నీళ్లు పోశాను.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మూడోసారి చదవలేదు.

కౌశిక్ సంగతి నీకు పూర్తిగా తెలియదు. ప్రొద్దుటూరులో బడి గుమాస్తా కోదండపాణి గారి కొడుకు. ఫార్మసీ పాసై ఇప్పుడు హైదరాబాదులో బీమా కంపెనీలో చేస్తున్నాడు. నా షాపులోకి రెండేసార్లు వచ్చాడు. రెండోసారి వచ్చింది తలనొప్పి మాత్ర కోసం. ఏది వేసుకోవాలని నన్నే అడిగాడు. అతని ఫోటో, అతని పేరు నా నెత్తి మీద ఉంటాయి. కొత్తగా వచ్చేవాళ్లు "కౌశిక్ సార్" అని పిలుస్తారు. మొదట్లో కాదని చెప్పేవాణ్ని. తర్వాత మానేశాను. ఇప్పుడు బస్టాండులో ఎవరైనా ఆ పేరు పిలిస్తే తల తిప్పుతాను. ఆఫీసరు తనిఖీకి వస్తే, ఆయన సెలవులో ఉన్నారు సార్, నేను పనివాణ్ని అని చెబుతాను. నా షాపులో నేను పనివాణ్ని. ఇట్లా ఎన్నేళ్లు చెప్పాలి? నా అక్క బిడ్డ పేరు ఉంటే కనీసం అబద్ధం ఇంట్లోదవుతుంది అనుకున్నాను. నిన్ను అడగకపోవడం తప్పు. అడిగి ఉంటే ఏమనేదానివో ఇప్పుడు తెలిసింది.

నాకూ ఆ తెల్లచొక్కా వాడికీ తేడా ఏమిటని అడిగావు. వాడు పెద్దముడియం ముసలమ్మకు మాత్ర ఎట్లా వేసుకోవాలో చెప్పగలడా? మీ కాలేజీలో ఎవడైనా చెప్పగలడా?

మన దగ్గరికి వచ్చేవాళ్లలో సగం మంది చదవలేరు. వాళ్లకోసం మాత్రల షీటు అంచున కత్తెరతో గాటు పెట్టడం నేను మొదలుపెట్టాను. ఒక్క గాటు రోజుకు ఒకటి. రెండు గాట్లు పొద్దునా రాత్రీ. మూడు, మూడు పూటలా. మూల గుండ్రంగా కత్తిరిస్తే అన్నం తిన్నాక. చూపు లేనివాళ్లు కూడా వేలితో తడిమి తెలుసుకుంటారు. పెద్దముడియం వైపు ఏ ఇంట్లో అడిగినా ఈ లెక్క చెబుతారు. ఇది నాకెవరూ నేర్పలేదు.

నిన్న పెద్దముడియం అమీనాబీ వచ్చింది. వేళ్లు వంకర్లు పోయాయి పాపం. ప్రొద్దుటూరులో కీళ్ల డాక్టరు కొత్తగా మెథోట్రెక్సేట్ రాశాడు. వారానికి ఒక్క మాత్ర. ఒక షీటు, పది మాత్రలు.

"ఈ కాయితం నాకేం తెలుస్తాదప్పా, నీ గాటు పెట్టి ఇయ్యి" అంది.

"పెద్దమ్మా, ఇది దినామూ గాదు. జుమ్మాకు జుమ్మాకు ఒకటే" అని రెండుసార్లు చెప్పి, ఒక్క గాటు పెట్టి ఇచ్చాను. వేలితో తడిమి చూసుకుంది.

"నీ గాటు ఉంటే నాకు కండ్లుండినట్టే" అంది.

ఇది ఏ కాలేజీ నేర్పింది? చెప్పు.

తొమ్మిదిన్నరకు షట్టరు దించాను.

బెంజమిన్


పులివెందుల,
24 జూలై, బుధవారం.

మామకు,

చిన్నప్పుడు నీ కౌంటరు కింద కూర్చొని కళ్లు మూసుకొని గాట్లు లెక్కపెట్టేదాన్ని. నీ తెలివిని నేనెప్పుడూ కాదనలేదు. అందుకే ఇంకా కోపం. కాలేజీ లేకుండానే నీకు అన్నీ వచ్చినప్పుడు నన్నెందుకు పంపావు? చదువు కోసం కాదు, కాగితం కోసం. నువ్వే ఒప్పుకున్నావు. అబద్ధం ఇంట్లోదవుతుందని రాశావు చూడు, ఆ వాక్యం మీద నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది.

నా పేరు ఇవ్వను. ఇది రాసిపెట్టుకో. నువ్వు అన్నీ రాసుకుంటావు కదా.

బట్టల షాపు ఆయనతో మాట్లాడాను. ఆగస్టు ఇరవై నుంచి రమ్మన్నాడు. "ఏం సదివినావు పాపా?" అన్నాడు. మూడేళ్లు ఫార్మసీ అన్నాను. "అయితే మా ఆవిడకు గ్యాసు మాత్ర ఏదో చెప్పు" అన్నాడు. అదీ నా చదువు మర్యాద.

ఫీజు కట్టవద్దు. కడితే ఆ డబ్బు పోయినట్టే.

కెరోలిన్


జమ్మలమడుగు,
30 జూలై, మంగళవారం.

కెరోలిన్‌కు,

ఎండ. ఉక్క. ఇన్సులిన్ ఉండే ఫ్రిజ్ ఆపి, మంచు కరిగించి, తుడిచి మళ్లీ పెట్టాను. గంట పట్టింది.

నీ ఉత్తరానికి జవాబు రాయాలని లేదు. ఫీజు కడతాను. నువ్వు బట్టల షాపులో కూర్చున్నా కడతాను. పోతే పోనీ. నా కోపం నాకుంది.

బేరాలు తక్కువ. మధ్యాహ్నం అమీనాబీ కొడుకు ముజమ్మిల్ వచ్చాడు. వాళ్లమ్మకు నోరంతా పూసిందట, మూడు రోజులుగా జావ కూడా మింగలేకుండా ఉందట, ఒళ్లు కాస్త వెచ్చగా ఉందన్నాడు. ఎండలకు వేడి చేసినట్టుంది. బి-కాంప్లెక్సు, నోటికి పూసే మందు ఇచ్చాను. మజ్జిగ తాగించమన్నాను. రెండు రోజుల్లో తగ్గకుంటే డాక్టరుకు చూపించమన్నాను.

తొమ్మిదింటికే షట్టరు దించాను.

బెంజమిన్


పులివెందుల,
2 ఆగస్టు, శుక్రవారం.

మామకు,

నీ ఉత్తరం నిన్న మధ్యాహ్నం మెస్సులో చదివాను. కంచం వదిలేసి బయటికి వచ్చి నీకు ఫోన్ చేశాను. అరిచాను. అందుకు క్షమాపణ అడగను. ఆ అరుపుల్లో నీకు ఎంత వినపడిందో తెలియదు కాబట్టి మళ్లీ రాస్తున్నాను.

ఆ మాత్ర ఒంట్లో కొత్త కణాలు పుట్టకుండా ఆపుతుంది. వారానికి ఒకటైతే కీళ్లవాపు తగ్గుతుంది. రోజూ వేసుకుంటే విషం. ముందు నోరు పుండవుతుంది, ఎందుకంటే నోట్లో చర్మం రోజూ కొత్తగా పుడుతూ ఉండాలి. తర్వాత రక్తంలో తెల్లకణాలు పడిపోతాయి. జ్వరం వస్తుంది. తర్వాత మనిషి పోతుంది. షీటులో ఎన్ని మిగిలాయో కనుక్కోమంటే, ముజమ్మిల్‌ను అడిగి, ఒక్కటీ లేదన్నావు. పది వారాల మందు పది రోజుల్లో అయిపోయింది.

ఫోన్‌లో నువ్వు ఒకటే మాట అన్నావు. వారానికి అని చెప్పాను, రెండుసార్లు చెప్పాను అని. చెప్పావు. ఆమె విన్నది కూడా. ఇంటికి పోయాక నీ మాట గాలికి పోయింది, గాటు మిగిలింది. ఒక్క గాటు అంటే రోజుకొకటి అని ఆ ఊళ్లకు ఇరవై ఏడేళ్లు నువ్వే నేర్పావు. నీ లెక్కలో వారానికి గుర్తే లేదు మామా. లేనప్పుడు ఏ గుర్తూ పెట్టకుండా ఉండాల్సింది. చెయ్యి అలవాటుగా కత్తెర తీసింది. ఎవరైనా నీ పక్కన నిలబడి, ఇది తప్పు అని చెప్పగలిగినవాళ్లు ఈ ఇరవై ఏడేళ్లలో ఒక్కరుంటే!

నాకు ఇది ఎట్లా తెలుసో విను. ఆ మానేసిన సారు ఒకసారి పాఠం మధ్యలో పుస్తకం మూసి, "ఇది మాత్రం మర్చిపోకండి, దీన్ని రోజూ వేసుకొని మనుషులు చచ్చిపోయినారు" అన్నాడు. పుస్తకంలో నాలుగు వరుసలు. పరీక్షలో రెండు మార్కులు. అది చెప్పిన వారానికి ఆయన వెళ్లిపోయాడు. ఇంకో మూడు నెలలు ఉండి ఉంటే ఇంకేం చెప్పేవాడో నాకు తెలియదు. తెలియని నాలుగు వరుసలు ఎన్ని ఉన్నాయో అనుకుంటే అన్నం సయించడం లేదు. జీతం ఎగ్గొట్టి ఆయన్ను తరిమిన వీళ్లను ఏం చేసినా పాపం లేదు.

ముజమ్మిల్‌కు నువ్వే చెప్పు. మందు ఒంటికి పడలేదు అని చెప్పవద్దు. గాటు సంగతి చెప్పు.

కెరోలిన్


జమ్మలమడుగు,
9 ఆగస్టు, శుక్రవారం.

కెరోలిన్‌కు,

నిన్నటి నుంచి ముసురు. షాపు లేదు కాబట్టి చెప్పుకోదగ్గ పని చేయలేదు. ఇంటి పైకప్పు కారుతుంటే గిన్నె పెట్టాను.

నువ్వు ఫోన్ చేసిన రోజే ఆటో మాట్లాడుకొని పెద్దముడియం పోయాను. అమీనాబీ పెదవులు నల్లగా అట్ట కట్టాయి. నన్ను చూసి నవ్వబోయింది, రక్తం వచ్చింది. అదే ఆటోలో ప్రొద్దుటూరు తీసుకుపోయాం. ఆమె మంచంలో ఉంటే నేను డాక్టరుకు మందు పేరు, రోజులు, నువ్వు చెప్పినదంతా చెప్పాను. విరుగుడు ఇంజెక్షన్లు మొదలుపెట్టాడు. ఇంకో రెండు రోజులు ఆగి ఉంటే చేతుల్లో ఉండేది కాదన్నాడు. నిన్న మూడు చెంచాల జావ మింగింది. బతుకుతుంది.

ముజమ్మిల్‌కు శనివారం ఆస్పత్రి వరండాలో చెప్పాను.

అతనే ముందు అన్నాడు, "నువ్వు వారానికొకటి అనే గదా మామా చెప్పినావు? మా యమ్మే మతిమరుపుతో ఏసుకునింది. నీదేం తప్పులేదులే" అని. అక్కడ ఆగిపోయి ఉండొచ్చు. నీ ఉత్తరం జేబులో ఉంది. గాటు నేను పెట్టాను, అది రోజుకొకటి గుర్తు అని చెప్పాను.

చొక్కా పట్టుకున్నాడు. "మా ఇంట్లో ఎవురికి ఒళ్లు బాగలేకున్నా ముందు నీ తావుకే గదా వస్తాంటిమి. ఏం సదివినావని అమ్ముతాండావు నువ్వు మందులు? ఆ గోడ మీద ఉండేది ఎవుడు? నువ్వు కౌశిక్ గాదంట గదా? మరి యాడుండాడు ఆ నా కొడుకు?" అన్నాడు. వరండాలో అందరూ చూస్తున్నారు. ఒక నర్సు వచ్చి విడిపించింది. ఇది ఆస్పత్రి, బయటికి పోయి కొట్టుకోండి అంది. బయటికి పోయాం. అతను కొట్టలేదు. మెట్ల మీద కూర్చొని ఏడ్చాడు.

కౌశిక్‌కు ఎవరు చెప్పారో. ఫోన్ చేసి, "బెంజమినన్నా, నా పేరు యాడన్నా వస్తుందా?" అని అడిగాడు. ఆదివారం హైదరాబాదు నుంచి వచ్చాడు. నేను కుర్చీ వేశాను. తనే ఎక్కి సర్టిఫికెట్ దించుకొని, టవల్లో చుట్టుకొని వెళ్లిపోయాడు. మూడోసారి షాపులోకి రావడం అది. ఆమె ఎట్లా ఉందని అడగలేదు. సోమవారం నుంచి షాపు మూసే ఉంది.

నాకు నీ మీద కోపం పోలేదు. నేను మందుల పుస్తకాలు నా అంతట నేను చదివాను. అట్టల మీద చిన్న అక్షరాలు కూడా భూతద్దం పెట్టి చదివాను. అవన్నీ నాకెందుకు కనపడలేదు? నీకు ఎవడో ఒకడు పుస్తకం మూసి, ఇది మర్చిపోవద్దు అన్నాడు. నాకు ఎవరూ అనలేదు. అట్లా అనిపించుకునే చోటు నీకుంటే దాన్ని తన్నేసి చీరల బిల్లులు వేస్తానంటావు.

గోడ సంగతి వదిలెయ్. ఇప్పుడు గోడకు ఏమీ అక్కర్లేదు. ఫీజు నా దగ్గర ఉంది. కట్టాలా వద్దా, ఈసారి అడుగుతున్నాను.

బెంజమిన్


పులివెందుల,
14 ఆగస్టు, బుధవారం.

మామకు,

కట్టు.

ఇది నీ గెలుపు అనుకోవద్దు. కాలేజీ బాగుందని కాదు. నిన్న నేనూ జువేరియా ఇంకో తొమ్మిదిమందీ ప్రిన్సిపాల్ గది ముందు కూర్చున్నాం. ఆ సారు వెళ్లిపోయాక చెప్పని పాఠాలు చెప్పించాలి, ల్యాబు తెరవాలి, లేకుంటే మార్చిలో వ్యాను వచ్చిపోయిన సంగతి రాసి తనిఖీవాళ్లకు పంపుతాం అన్నాం. "ఫీజు గూడా కట్టకముందే ఇన్ని మాటలా? హాల్ టికెట్లు ఎట్లొస్తాయో సూస్తా" అన్నాడు.

జువేరియా లేచి, "సార్, గాజు గొట్టం పగిలితే ఫైను ఏస్తిరి గదా. రేపు మేమిచ్చే మాత్రకు మనిషి సచ్చిపోతే ఫైను ఎంత సార్?" అంది.

ఆయన బయటికి పొమ్మన్నాడు. మేము పోలేదు. సాయంత్రానికి, వచ్చే నెల నుంచి ఒకాయన్ను పిలిపిస్తాను అని నోటితో చెప్పాడు. రాసివ్వమన్నాం. రాసివ్వలేదు. ఎల్లుండి మళ్లీ కూర్చుంటాం. హాల్ టికెట్ ఆపితే ఆపనీ, అప్పుడు చూద్దాం. బట్టల షాపు ఆయనకు రానని చెప్పాను.

నా సర్టిఫికెట్ ఎవరి గోడకూ పోదు. నీ గోడకు కూడా. నేను ఎక్కడ నిలబడితే అది అక్కడ ఉంటుంది. పాసయ్యాక మన షాపులో నిలబడతానో లేదో ఇప్పుడు చెప్పను. నీ దగ్గరికి వచ్చి నిలబడాలంటే నాకు నీ మీద కోపం తగ్గాలి.

ఒక పని చెబుతాను. నువ్వు రోజూ ఎవరికి ఏమిచ్చావో రాస్తావు కదా. ఆ పుస్తకాలు అన్నీ తీయి. రోజూ వేసుకోకూడని మందులు, వారానికొకటి, పదిహేను రోజులకొకటి, ఎవరెవరికి ఇచ్చావో వెతుకు. నువ్వు అన్నింటికీ ఒక్క గాటే పెట్టి ఉంటావు. ఇంటింటికీ పోయి, ఎట్లా వేసుకుంటున్నారో అడుగు. షాపు లేదన్నావు. తీరికే కదా.

కెరోలిన్


జమ్మలమడుగు,
20 ఆగస్టు, మంగళవారం.

కెరోలిన్‌కు,

పొద్దున ఎండ, మధ్యాహ్నం నుంచి వాన. నీ ఉత్తరం అందిన రోజే అటక మీది పుస్తకాలన్నీ దించి దుమ్ము దులిపాను. ఇరవై ఏడు. రెండింటిని చెదలు తిన్నాయి. మిగతావి చదవగలిగాను. రెండు రాత్రులు పట్టింది.

ఫీజు పదహారున కట్టాను. రసీదు ఇందులో పెట్టాను.

వెతికితే పద్దెనిమిది పేర్లు వచ్చాయి. నిన్నటికి పదిహేడు ఇళ్లు తిరిగాను. ఎక్కువగా ఎముకల బలానికి వారానికొకటి ఇచ్చే మాత్రలు. వేదవతి టీచరమ్మ చీటీ చదువుకొని సరిగ్గానే వేసుకుంది. "గాటెందుకు పెట్టావు బెంజమిన్, నేను చదువుతానుగా" అని అప్పుడే అన్నదట. నాకు గుర్తు లేదు. తొండూరులో ఒకామె నెల రోజులు రోజూ వేసుకుంది. కడుపులో మంట వస్తే మానేసింది. రక్తపరీక్ష రాయించి నేనే దగ్గరుండి చేయించాను. బాగుంది. వాళ్ల కొడుకు నన్ను తిట్టాడు. తిట్టించుకున్నాను. ఇంకో ఇంట్లో కుక్కను వదిలారు. మిగతావాళ్లు, నువ్వు నోటితో చెప్పినట్టే చేసినామప్పా అన్నారు.

అమీనాబీకి ఇచ్చిన మందే ఇంకొక్కరికి ఇచ్చాను. నాలుగేళ్ల కింద, కరోనా ఏడాది, ఆగస్టులో. సుందరం. పెద్దముడియం దాటి లోపలి ఊరు. నాపరాళ్ల గనిలో పనిచేసేవాడు. మన చర్చి సంఘంవాళ్లే. పుస్తకంలో ఒక షీటు అని ఉంది. మళ్లీ ఇచ్చినట్టు లేదు. అతను సెప్టెంబరులో పోయాడని నాకు తెలుసు. ఆ రోజుల్లో జ్వరంతో పోతే ఎవరూ ఇంకో కారణం అడగలేదు. సమాధి దగ్గరికి కూడా ఐదుగురిమే పోయాం.

ఈ రోజు ఆ ఇంటికి పోయాను. అతని భార్య ఒక్కతే ఉంది. వాన తగ్గేదాకా కూర్చోమని స్టూలు వేసింది.

"ఏందన్నా ఇంత దూరం వస్తివి?" అంది.

ఊరికే వచ్చానన్నాను. సుందరానికి ఆ చివరి రోజుల్లో ఎట్లా ఉండిందని అడిగాను.

"నోరంతా పూసిండేదన్నా. నీళ్లు గూడా దిగల్యా. అంతలోకి జరం. ఆస్పత్రికి తోలుకపోతే ఈడ బెడ్లు లేవు, ఆడ బెడ్లు లేవు అనిరి. నీ మందులు మాత్రం బాగా పట్టినాయి, వాపులు తగ్గె. ఆ పాడు జరం రాకుంటే బతికేటోడు."

మాత్రలు ఎట్లా వేసుకున్నాడని అడిగాను.

"ఆయనకు మతి యాడుంటాది. నేనే గదా ఇస్తాంటి. గాటు సూసి, దినామూ పొద్దున్నే నా చేత్తోనే ఇస్తాంటి. ఒక్క దినం గూడా తప్పియ్యలేదన్నా" అంది.

ముజమ్మిల్‌కు చెప్పినట్టు చెప్పాలని నోరు తెరిచాను. ఆమె చేతులు చూశాను. చెబితే నా తప్పుతో పాటు అది కూడా తెలుస్తుంది. నాలుగేళ్లుగా ఆమెకున్న ఊరట ఆ ఒక్క మాటే. టీ ఇచ్చింది. తాగాను. చెప్పలేదు. చెప్పాలా? నువ్వు చదివిన పుస్తకాల్లో దీనికి ఏమన్నా రాసి ఉందా? నాకు కోపం ఎవరి మీద తీర్చుకోవాలో తెలియడం లేదు. కత్తెర పొద్దున పెన్నలో పారేద్దామనుకున్నాను. అది చేతకాని పని అనిపించి పారేయలేదు.

పోయేటప్పుడు బస్సుకు చిల్లర ఉందా అన్నా అని అడిగింది.

నాలుగున్నరకు బస్సు దొరికింది. దిగేసరికి వాన పెద్దదైంది. ఇంటికి వచ్చి తడిచొక్కా ఆరేసి, దించిన పుస్తకాలన్నీ వరసగా కట్టి మళ్లీ అటక ఎక్కించాను.

బెంజమిన్